చుక్కల మధ్య ఖాళీ: ఎయిర్ రైఫిల్ స్కోప్‌తో దూరం కొలిచిన డైరీ

లక్ష్యం ఒకటే. 15 నుంచి 45 మీటర్ల మధ్య ఎక్కడో ఒకచోట ఇంకొకరు టార్గెట్ పెడతారు. టేపు ముట్టుకోకుండా, స్కోప్‌లో కనిపించే మిల్ చుక్కలతోనే దూరాన్ని ఒక మీటరు తేడాలోపు చెప్పాలి. ఆ తర్వాత 5 పెల్లెట్లూ పది రూపాయల బిళ్ళంత జాగాలో, అంటే 27 మి.మీ. లోపల, పడాలి.

చోటు చేవెళ్ల వైపు మామయ్య మామిడి తోట. రోజులు ఆదివారాలు. ఉద్యోగం హైదరాబాద్ బాలానగర్‌లో ఒక టూల్‌రూమ్ క్వాలిటీ సెక్షన్. ఈ చివరి సంగతి తర్వాత నా పరువు తీస్తుంది, గుర్తుంచుకోండి.

దశ 0: సామాను

రైఫిల్ పాతదే. .177 బోరు (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో), బ్యారెల్ మడిచి లోడ్ చేసే స్ప్రింగ్ రకం. ఆర్మ్స్ రూల్స్ 2016 ప్రకారం ఈ బోరులో 20 జౌల్స్ లోపు శక్తి ఉన్నవాటికి లైసెన్స్ అక్కర్లేదు. నాది ఎన్ని జౌల్సో దశ 5లో కొలిచాను.

కొన్నవి: 3-9×40 (జూమ్ 3 నుంచి 9 రెట్లు) మిల్-డాట్ స్కోప్ 5,200, దాన్ని రైఫిల్‌కి బిగించే మౌంట్లు 950, 50 మీటర్ల ఫైబర్ టేపు రాణిగంజ్‌లో 480, 500 పెల్లెట్ల డబ్బా 900. స్కోప్ కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి, అది స్ప్రింగ్ రైఫిల్‌కి పనికొచ్చేదై ఉండాలి. స్ప్రింగ్ రైఫిల్ ముందుకీ వెనక్కీ రెండు వైపులా కుదుపుతుంది. ఒకవైపు దెబ్బకే తయారైన మంచి స్కోప్ కూడా దీనిమీద పాడవుతుంది.

తోటలో నియమాలు:
1. టార్గెట్ వెనక మట్టి కట్ట, దాని ముందు ఇసుక బస్తాలు.
2. కొలత కోసమైనా సరే, స్కోప్‌లోంచి చూసేది ఆ కట్ట వైపే. మామయ్య తన గేదె ఎంత దూరంలో ఉందో చెప్పమన్నాడు. కుదరదన్నాను.
3. నెమళ్ళు దిగితే ఆట బంద్. ఇది మామయ్య షరతు.

ఇప్పటిదాకా: ఖర్చు ₹7,530, పెల్లెట్లు 0.

దశ 1: జీరో కుదరలేదు

25 మీటర్ల దగ్గర జీరో చేద్దామని, అంటే గీతల మధ్య ఎక్కడ పెడితే పెల్లెట్ అక్కడే పడేలా సరిచేద్దామని, కూర్చున్నాను. మొదటి 5 బాగానే పడ్డాయి. తర్వాతి 5 కిందికి జారాయి, ఆ తర్వాతివి ఇంకా కిందికి. పెల్లెట్లను తిట్టాను, గాలిని తిట్టాను. మౌంట్ పక్కన, అది కూర్చునే రైఫిల్ పట్టా (రైలు) మీద పెన్సిల్‌తో ఒక గీత గీసి మళ్ళీ 20 కొట్టాక అసలు సంగతి తెలిసింది. మౌంట్ 1.5 మి.మీ. వెనక్కి జరిగింది.

సరిచేసిన వరుస:
1. మౌంట్లు ఊడదీసి రైలునూ రింగుల లోపలివైపునూ స్పిరిట్‌తో తుడిచాను. ఫ్యాక్టరీ నూనె అలాగే ఉండిపోయింది.
2. మౌంట్ కింద ఉన్న ఆపుడు పిన్నును రైలు మీది రంధ్రంలోకి దింపాను. ఆ పిన్ను అక్కడ ఎందుకుందో అంతకుముందు ఆలోచించనే లేదు.
3. రింగు స్క్రూలను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాను.

తర్వాత 30 కొట్టినా పెన్సిల్ గీత కదల్లేదు.

రెండో తప్పు రైఫిల్ పట్టుకోవడంలో ఉంది. గట్టి బస్తా మీద ఆనించి కొడితే 5 పెల్లెట్ల గుంపు వెడల్పు 41 మి.మీ. వచ్చింది. అదే బస్తా మీద అరచేయి పెట్టి, చేతిలో రైఫిల్‌ని వదులుగా ఉంచితే 19 మి.మీ. స్ప్రింగ్ రైఫిల్‌ని దాని ఇష్టం వచ్చినట్టు కుదపనివ్వాలి, పట్టి ఆపకూడదు.

మూడోది క్లిక్కులు. నా స్కోప్ నాబ్ క్లిక్కుకి పావు ఎంఓఏ (డిగ్రీలో 60వ వంతు ఒక ఎంఓఏ). లెక్క ప్రకారం 25 మీటర్ల దగ్గర ఒక క్లిక్ 1.8 మి.మీ. కదపాలి. గుంపు 43 మి.మీ. కింద ఉంది కాబట్టి 24 క్లిక్కులు పైకి తిప్పాను. గుంపు 38 మి.మీ. మాత్రమే లేచింది. ఇంకో 3 తిప్పితే సరిపోయింది. అంటే నా స్కోప్‌లో క్లిక్ నిజంగా 1.6 మి.మీ. దగ్గర ఉంది. దూరం మారినప్పుడల్లా నాబ్ తిప్పుదామన్న ఆలోచన ఆరోజే వదిలేశాను. ఒకసారి జీరో చేసి నాబ్‌కి మూత పెట్టేసి, మిగతాదంతా చుక్కలతోనే చేయాలని నిర్ణయం.

ఇప్పటిదాకా: ఖర్చు ₹7,590 (స్పిరిట్ 60), పెల్లెట్లు 85.

దశ 2: కాగితం 40 మీటర్లలో ఉంది, స్కోప్ 44 అంటోంది

మిల్ అంటే దూరంలో వెయ్యో వంతు. 25 మీటర్ల దగ్గర ఒక మిల్ 25 మి.మీ., 40 దగ్గర 40 మి.మీ. అంతే. కాబట్టి వస్తువు ఎత్తును మిల్లీమీటర్లలో తీసుకుని, అది ఎన్ని మిల్లులు ఆక్రమించిందో దానితో భాగిస్తే దూరం మీటర్లలో వస్తుంది. 1970ల చివర్లో అమెరికా మెరైన్ల కోసం ఈ చుక్కల పద్ధతి పుట్టిందే ఈ భాగహారం కోసం. ఒక చుక్క మధ్య నుంచి పక్క చుక్క మధ్యకి ఒక మిల్. నా రెటికిల్‌లో, అంటే స్కోప్ లోపల కనిపించే గీతలూ చుక్కల అమరికలో, ఈ చివరి చుక్క నుంచి ఆ చివరి చుక్కకి 8 ఖాళీలు, బయటి మందపు గీతల దాకా లెక్కేస్తే 10.

టేపు పరిచి, ప్రతి 5 మీటర్లకీ ముగ్గుతో గీత వేసి, 40వ మీటరు దగ్గర ఏ4 కాగితాన్ని నిలువుగా అంటించాను. దాని పొడవు 297 మి.మీ. జూమ్ 9 మీద పెట్టి చూస్తే 6.7 ఖాళీలు. 297ని 6.7తో భాగిస్తే 44.3 మీటర్లు.

మళ్ళీ చూశాను. 6.7. టేపు మళ్ళీ పరిచాను. 40.

30 దగ్గర చూస్తే 33 వచ్చింది. 20 దగ్గర పొడవు చుక్కల్లో పట్టక వెడల్పుతో చూస్తే 22. ప్రతిచోటా పదో వంతుకి కొంచెం ఎక్కువ. చేతి తప్పయితే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తుంది. ఎప్పుడూ ఒకేవైపు వస్తే తప్పు పరికరంలో ఉన్నట్టు. ఇది మా సెక్షన్లో మొదటి నెల నేర్పే పాఠం.

కారణం రెటికిల్ కూర్చున్న చోటు. నాలాంటి మామూలు ధర స్కోపుల్లో రెటికిల్ వెనక వైపు ఉంటుంది. జూమ్ పెంచితే బొమ్మ పెద్దదవుతుంది కానీ చుక్కలు అలాగే ఉంటాయి. కాబట్టి చుక్కల మధ్య ఖాళీ ఏదో ఒక్క జూమ్ దగ్గరే సరిగ్గా ఒక మిల్. రెటికిల్ ముందు వైపు ఉండే స్కోపుల్లో బొమ్మతో పాటు చుక్కలూ పెరుగుతాయి కాబట్టి ఈ గొడవ లేదు. వాటి ధర చూసి నేను ఈ గొడవే నయమనుకున్నాను. నా స్కోప్‌లో ఆ ఒక్క జూమ్ ఏదో పుస్తకంలో రాయలేదు. కొలుచుకోవాలి.

ఇప్పటిదాకా: ఖర్చు ₹7,590, పెల్లెట్లు 85. ఈ దశలో ఒక్కటీ కొట్టలేదు.

దశ 3: చార్టు కూడా అబద్ధమాడింది

ఏ3 కాగితం మీద 5 మి.మీ.కి ఒక గీత, 25కి ఒక లావు గీత వచ్చేలా చార్టు గీసి, కూకట్‌పల్లిలో మా వీధి జిరాక్స్ షాపులో ప్రింట్ తీశాను. 25 మీటర్ల దగ్గర పెట్టి, జూమ్ 9లో చివరి చుక్క నుంచి చివరి చుక్కకి ఎన్ని గీతలు పట్టాయో చూశాను. ఒక్క ఖాళీని కొలవడం కంటే 8 ఖాళీలూ కలిపి కొలిచి భాగిస్తే కంటి తప్పు ఎనిమిదో వంతుకి తగ్గుతుంది.

వచ్చింది 229. ఒక్కో ఖాళీకి 28.6 మి.మీ., అంటే 1.145 మిల్లులు. దిద్దుబాటు దొరికింది కదా అని ఏ4 లెక్కలో పెట్టి చూశాను. 44.3 కాస్తా 38.7కి దిగింది. టేపు చెప్పేది 40. ఇప్పుడు రెండోవైపు తప్పు.

ఒక వారం పోయింది. టేపు సాగిందేమోనని టూల్‌రూమ్ స్టీలు టేపుతో సరిచూశాను. సాగలేదు. చివరికి శనివారం భోజనాల టైమ్‌లో చార్టుని టేబుల్ మీద పరిచి వెర్నియర్ పెట్టాను. 25 మి.మీ. ఉండాల్సిన చోట 24.25. షాపులో ప్రింట్ కొట్టినప్పుడు పేజీకి సరిపడేలా కుదించే ఆప్షన్ ఆన్‌లో ఉండిపోయింది. రోజూ వెర్నియర్ పట్టుకునే ఉద్యోగం నాది, నేను గీసిన చార్టుని మాత్రం కొలవకుండా నమ్మాను. పక్క టేబుల్ అతను వారం రోజులు నవ్వాడు.

ప్రింట్ మళ్ళీ 100 శాతం మీద తీయించి, కొలిచి, అప్పుడు పెట్టాను:
జూమ్ 9: ఖాళీకి 27.8 మి.మీ.
జూమ్ 6: 41.5 మి.మీ.
జూమ్ 4: 62 మి.మీ.
జూమ్ 3: 83 మి.మీ.

జూమ్‌ని ఖాళీతో గుణించి చూడండి. 250, 249, 248, 249. అంటే ఈ రెటికిల్ జూమ్ 10 కోసం చెక్కింది. నా స్కోప్ 9 దగ్గర ఆగిపోతుంది. 10 జూమ్ కోసం చేసిన రెటికిల్ తెచ్చి 9 జూమ్ గొట్టంలో బిగించినట్టున్నారు.

దిద్దిన సూత్రం: వస్తువు మిల్లీమీటర్లు × 0.9 ÷ ఖాళీలు = మీటర్లు. ఏ4కి 267ని 6.7తో భాగిస్తే 39.9.

ఎప్పుడూ 9 మీదే ఎందుకంటే అది జూమ్ రింగు ఆగిపోయే చోటు. ప్రతిసారీ అక్కడే ఆగుతుంది. 6 అంకె దగ్గర రింగుని చేతితో ఆపితే ఒకసారి 5.8, ఒకసారి 6.2.

ఇప్పటిదాకా: ఖర్చు ₹7,670 (రెండు ప్రింట్లు 80), పెల్లెట్లు 85.

దశ 4: వస్తువు ఎంతుందో నిజంగా తెలుసా?

స్కోప్ దారికొచ్చింది. ఇప్పుడు కట్ట పక్కన ఉన్న ఇటుకను చూసి దూరం చెబుదామని మొదలుపెట్టాను. ఇటుక 9 అంగుళాలు కదా, 229 మి.మీ. జవాబు 42.4 మీటర్లు. టేపు 40. స్కోప్ మీద అనుమానం మళ్ళీ లేచింది. ఇటుక తెచ్చి కొలిస్తే 216. బట్టీలో కాలాక ఎంత మిగిలిందో అంతే. 9 అంగుళాలన్నది నోటిమాట.

నీళ్ళ డబ్బా బాగుంటుందనుకున్నాను. తోటలో ఉన్న మూడు 20 లీటర్ల డబ్బాల్లో ఏ రెండూ ఒక ఎత్తు లేవు. పిల్లలు ఆడుకునే వికెట్, క్రికెట్ నియమం ప్రకారమైతే నేల పైన 71.1 సెం.మీ. ఎత్తుండాలి. భూమిలోకి దిగగొట్టాక బయట కనిపించేది 66. అదీకాక అంత ఎత్తు నా చుక్కల్లో పట్టదు. 40 మీటర్ల దగ్గర మందపు గీతల మధ్య పట్టేది 44 సెం.మీ. మాత్రమే.

మరీ చిన్న వస్తువూ పనికిరాదు. ఖాళీలో పదో వంతు అటూఇటూ చూడటం నా కంటికి మామూలు తప్పు. 40 మీటర్ల దగ్గర 100 మి.మీ. వస్తువు మీద ఆ తప్పు చేస్తే దూరం 38.3కీ 41.9కీ మధ్య ఊగుతుంది. 300 మి.మీ. వస్తువు మీద అదే తప్పు చేస్తే 39.4 నుంచి 40.6. నేను పెట్టుకున్న ఒక్క మీటరు హద్దులో ఇది పడుతుంది, అది పడదు.

అందుకని 300 × 300 మి.మీ. ప్లైవుడ్ చెక్క కోయించి నల్ల రంగు కొట్టాను. నలుపే ఎందుకంటే తెల్ల ఏ4 ఎండలో మెరిసి, అంచు ఉన్నదానికంటే లావుగా కనిపిస్తుంది. పైగా 300 × 0.9 అంటే 270. తలలో గుర్తుంచుకోవాల్సిన అంకె ఒకటే. టార్గెట్ కాగితం ఆ చెక్క మధ్యలో. 27 మీటర్ల లోపలైతే చెక్క మొత్తం చుక్కల్లో పట్టదు, అప్పుడు మధ్య నుంచి అంచు దాకా సగమే చూసి ఖాళీలను రెట్టింపు చేయాలి.

ఇప్పటిదాకా: ఖర్చు ₹7,930 (చెక్క, రంగు 260), పెల్లెట్లు 85.

దశ 5: పెల్లెట్ ఎంత దిగుతుంది

దూరం తెలిస్తే సరిపోదు, ఆ దూరానికి ఎంత పైకి పట్టాలో తెలియాలి. పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ కొన్నాను, 3,900. 10 పెల్లెట్లకి సగటు సెకనుకు 210 మీటర్లు, ఎక్కువ 214, తక్కువ 206. పెల్లెట్ 0.547 గ్రాములు. అంటే 12 జౌల్స్. హద్దు కంటే బాగా తక్కువ.

ఒక్కో దూరంలో 10 చొప్పున, 25 దగ్గర జీరో ఉంచి కొట్టాను. మొదటి ఆదివారం అంతా గాలి, ఆ కాగితాలు చింపేశాను. రెండోసారి ఉదయం 6.30కే మొదలుపెట్టాను. గుంపు మధ్యన ఎంత తేడా ఉందో ఇది:

10 మీ: 10 మి.మీ. కింద
15 మీ: సరిగ్గా
20 మీ: 4 మి.మీ. పైన
25 మీ: సరిగ్గా
30 మీ: 11 మి.మీ. కింద, 0.3 ఖాళీ
35 మీ: 31 మి.మీ. కింద, 0.8 ఖాళీ
40 మీ: 60 మి.మీ. కింద, 1.3 ఖాళీ
45 మీ: 98 మి.మీ. కింద, 2 ఖాళీలు

10 మీటర్ల దగ్గర కింద పడటం చూసి మా బామ్మర్ది "దగ్గరకొస్తే కిందికెట్ల పోతది బావా?" అన్నాడు. స్కోప్ బ్యారెల్ కంటే 50 మి.మీ. పైన కూర్చుంది. పెల్లెట్ కింద నుంచి బయల్దేరి చూపు గీతను 15 దగ్గర దాటి పైకెళ్ళి, 25 దగ్గర మళ్ళీ కిందికి దాటుతుంది.

పై పట్టికలో అసలు సంగతి చివరి వరుసల్లో ఉంది. 20కీ 25కీ మధ్య పొరబడితే నష్టం 4 మి.మీ. 35కీ 40కీ మధ్య పొరబడితే 29 మి.మీ., అంటే బిళ్ళ దాటిపోయినట్టే. దూరం కొలవడమనే ఈ తతంగమంతా 30 మీటర్లు దాటాకే అవసరం. దశ 3 దిద్దుబాటు చేయకపోతే ఏమయ్యేదో కూడా లెక్కేశాను. 40ని 44 అనుకుని ఎక్కువ పైకి పట్టేవాణ్ణి, పైగా ఖాళీలు మిల్ కంటే పెద్దవి కాబట్టి ఆ ఎక్కువ ఇంకా ఎక్కువయ్యేది. మొత్తం 32 మి.మీ. పైన.

పెల్లెట్ ఎంత దిగుతుందో లెక్కేసే ఫోన్ యాప్‌లో ఎత్తు సముద్ర మట్టమని ఉంది. హైదరాబాద్ సుమారు 540 మీటర్లని మార్చితే 40 మీటర్ల దగ్గర తేడా 2 మి.మీ. మార్చి వదిలేశాను. దాని గురించి గంటసేపు చదివినందుకు మాత్రం బాధపడ్డాను.

పట్టికను చిన్న కాగితం మీద రాసి రైఫిల్ స్టాక్ (భుజానికి ఆనించే భాగం) మీద సెల్లోటేపుతో అంటించాను.

ఇప్పటిదాకా: ఖర్చు ₹11,830, పెల్లెట్లు 255.

దశ 6: వాలుడు

40 దగ్గర గుంపులు ఎప్పుడూ కుడివైపుకే పోతున్నాయి. 25 దగ్గర పోవట్లేదు. కారణం నా భుజం. రైఫిల్ కొంచెం పక్కకి వాలి ఉంటోంది. 5 డిగ్రీలు వాలితే 40 మీటర్ల దగ్గర దాదాపు 19 మి.మీ. పక్కకి పడుతుంది, ఎందుకంటే పైకి ఎత్తిన బ్యారెల్ ఇప్పుడు కాస్త పక్కకీ చూస్తోంది.

చేసింది:
1. మేస్త్రీలు గోడ నిటారు చూసుకునే గుండుని కట్ట ముందు కొమ్మకి వేలాడదీశాను.
2. రైఫిల్‌ని రసమట్టంతో సమంగా నిలిపాను.
3. రింగులు వదులు చేసి, నిలువు గీత గుండు దారం మీద పడేదాకా స్కోప్‌ని తిప్పి బిగించాను.
4. స్కోప్ గొట్టానికి తగిలించే చిన్న బుడగ మట్టం కొన్నాను, 350. ట్రిగ్గర్ ముందు ఒకసారి దానివైపు చూపు.

రింగులు విప్పాను కాబట్టి జీరో మళ్ళీ చేయాల్సి వచ్చింది, 20 పెల్లెట్లు. ఈ దశను దశ 1లోనే చేసి ఉంటే ఆ 20 మిగిలేవి. మీరు అక్కడే చేయండి.

ముందు ఉన్న ఫోకస్ రింగు గురించి ఇక్కడే చెప్తాను. తలను అటూఇటూ కదిపితే గీతలు టార్గెట్ మీద కదలని చోట రింగుని ఆపాలి. రింగు మీది అంకెలతో దూరం చెప్పొచ్చంటారు. 9 జూమ్‌లో 35 నుంచి 50 దాకా అంతా ఒకేలా స్పష్టంగా ఉంది. అది పెద్ద జూమ్ ఉన్నవాళ్ళ ఆట.

ఇప్పటిదాకా: ఖర్చు ₹12,180, పెల్లెట్లు 275.

దశ 7: పరీక్ష

మా ఊరివాడే గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆటలో స్కోప్ ఉండదు, దూరం అందరికీ తెలుసు. అక్కడ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. నా బిళ్ళతో దాన్ని పోల్చే ధైర్యం లేదు. ఇక్కడ కష్టమంతా దూరం తెలియకపోవడంలోనే ఉంది.

బామ్మర్ది చెక్క మోసుకెళ్ళి ఇష్టమున్నచోట పాతుతాడు, నేను వెనక్కి తిరిగి కూర్చుంటాను. "అయిపోయింది, తిరుగు బావా" అన్నాక చూసి, రాసి, 5 కొట్టాలి. టేపు చివర్లో.

నిజం / నేను చెప్పింది:
18.2 / 18.0
22.5 / 22.3
27.0 / 27.4
29.1 / 29.5
31.6 / 31.0
34.4 / 35.0
37.3 / 36.6
39.5 / 41.2
41.8 / 44.0
43.7 / 41.9

పదిలో ఏడు మీటరు లోపల. పోయిన మూడూ 11 గంటల తర్వాతవి. ఏప్రిల్ ఎండకి నేల మీద గాలి మరిగి చెక్క అంచు నీళ్ళలో ఉన్నట్టు ఊగింది. మరుసటి ఆదివారం అవే మూడు చోట్ల ఉదయం 7కి చూస్తే 39.8, 41.2, 44.3. మూడూ లోపలే. చెక్క ఎక్కడుందో ముందే తెలుసు కాబట్టి దీన్ని పాస్‌గా రాసుకోలేదు.

బిళ్ళ లెక్క వేరే. 35 లోపల ఆరు టార్గెట్లలో ఆరూ పాస్. అది దాటాక నాలుగులో ఒక్కటీ లేదు. 40 దగ్గర నా మంచి గుంపు 38 మి.మీ. వేగంలో ఉన్న 8 మీటర్ల తేడానే నిలువుగా 16 మి.మీ. తింటుంది. మిగతాది అడ్డంగా ఉంది, అంటే గాలి. లెక్కేస్తే సెకనుకు ఒక మీటరు పక్కగాలి 40 దగ్గర 28 మి.మీ. తోస్తుంది. ఆ గాలికి ఆకు కదలదు. టార్గెట్‌కి సగం దూరంలో అగరుబత్తి గుచ్చితే పొగ వాలడం కనిపించింది. పొగ నిటారుగా లేచినప్పుడే కొడితే గుంపు 29కి దిగింది.

మామయ్య వచ్చి చూసి, "తుపాకీకి దండం పెడుతున్నవారా?" అని వెళ్ళిపోయాడు.

ఇప్పటిదాకా: 9 ఆదివారాలు, ఖర్చు ₹12,200 (అగరుబత్తీలు 20), పెల్లెట్లు 345. పెట్రోలు లెక్కలో లేదు. ఇంకా 2 మి.మీ. తగ్గాలి. డబ్బాలో మిగిలిన 155 పెల్లెట్లని అంచు వంగినవీ వంగనివీ వేరుచేసి వచ్చే వారం క్రోనోగ్రాఫ్ ముందు పెడతాను.